ఫ్రిజ్‌లో పెరుగు, బౌల్డర్‌లో అణువులు

వేసవిలో రాత్రి తోడుపెట్టిన పెరుగు మర్నాడు మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. అదే గిన్నెను ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులైనా అన్నంలో కలుపుకోవచ్చు. ఎందుకని అడిగితే వంటింట్లో ఎవరైనా చెబుతారు, చల్లగా ఉంటే పులియడం మందగిస్తుందని. సరే, మరి ఇంకా చల్లబరిస్తే? డీప్ ఫ్రీజర్ కంటే, అంటార్కిటికా కంటే, నక్షత్రాల మధ్య ఉన్న ఖాళీ కంటే కూడా చల్లగా చేస్తే? ఎక్కడో ఒకచోట ఆ పులియడం పూర్తిగా ఆగిపోవాలి కదా?

ఈ ప్రశ్న ఎక్కువగా పిల్లలు అడుగుతారు. పెద్దలం "ఆగిపోతుంది నాన్నా" అనేసి పక్కకు తప్పుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. పెరుగు పులవడం సూక్ష్మజీవుల పనే అయినా, వాటి ఒంట్లో జరిగేదీ రసాయన చర్యే. పది డిగ్రీలు తగ్గితే చర్యల వేగం ఇంచుమించు సగమవుతుందని బళ్లో ఒక మోటు లెక్క చెబుతారు. దాన్ని పట్టుకుని కిందికి దిగుతూ పోతే చివర సున్నా తగలాలి. తగలదు. ఆ అడుగున రసాయనం నిద్రపోదు, వేరే చట్టం కింద పనిచేస్తుంది. ఆ సంగతి కళ్లారా చూసినవాళ్లలో మొదటి పేరు డెబొరా జిన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్తది. అణువులను చల్లబరచడమే ఉద్యోగంగా బతకడం అంటే ఏమిటో ఆమె కథలో కనిపిస్తుంది.

చలి అంటే ఎంత చలి?

ముందు చలి అనే మాట సంగతి తేల్చుకుందాం. మీరు కూర్చున్న గదిలో గాలి కదలనట్టే ఉంటుంది. కానీ అందులోని నత్రజని అణువులు ఒక్కొక్కటీ సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరిగెడుతూ, గోడలనూ ఒకదాన్నొకటీ గుద్దుకుంటున్నాయి. మనం వేడి అని పిలిచేది ఈ పరుగునే. పరుగు తగ్గితే చలి. పరుగు ఇక తగ్గడానికి వీల్లేని స్థితి ఒకటుంది. అదే పరమ శూన్య ఉష్ణోగ్రత, మన కొలతలో మైనస్ 273.15 డిగ్రీలు. భౌతిక శాస్త్రవేత్తలు అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టి కెల్విన్లలో కొలుస్తారు. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునే తెల్లవారుజామున కూడా మనం ఆ అడుగు నుంచి 273 మెట్లు పైనే ఉన్నాం. నక్షత్రాల మధ్య ఖాళీలో అయితే 2.7 మెట్లు మాత్రమే మిగులుతాయి.

జిన్ ప్రయోగశాలలో పని జరిగేది ఆఖరి మెట్టుకూ నేలకూ మధ్య ఉన్న సందులో. ఒక్క డిగ్రీని వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నానోకెల్విన్. ఆమె అణువులు దాదాపు 300 నానోకెల్విన్ల దగ్గర ఉండేవి. నక్షత్రాల మధ్య చలి కంటే తొంభై లక్షల రెట్లు చలి అన్నమాట. ఆ చలిలో అణువు సెకనుకు ఒక సెంటీమీటరు కూడా కదలదు. చీమ దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతుంది.

ఇంత చలిని ఏ ఫ్రిజ్జూ ఇవ్వలేదు. దానికి రెండు అంచెలు కావాలి. మొదటిది లేజరు వెలుగు. వెలుగుకు బరువు లేకపోయినా తోపు ఉంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కేవాడి వేగం తగ్గినట్టు, ఎదురొచ్చే వెలుగులో పరమాణువు వేగం తగ్గుతుంది. చిక్కల్లా, ఎదురొచ్చే వెలుగే తగలాలి, వెనక నుంచి వచ్చేది తగలకూడదు. ఇక్కడ రైలు కూత సాయం చేస్తుంది. లెవెల్ క్రాసింగు దగ్గర నిలబడితే, మనవైపు వచ్చే రైలు కూత కీచుగా, దాటిపోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది. వెలుగుకూ ఇదే వర్తిస్తుంది. లేజరు రంగును ఒక్క పిసరు ఎరుపు వైపు జరిపి పెడితే, దానికి ఎదురు పరిగెత్తే పరమాణువుకు మాత్రమే ఆ రంగు సరిగ్గా సరిపోతుంది. ఆరు దిక్కుల నుంచీ ఇలాంటి వెలుగు పంపితే పరమాణువు ఎటు కదిలినా ఎదురుగాలే.

రెండో అంచె మన తాతల నాటిది. మట్టికుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ గోడలోంచి ఊరిన నీటిలో బాగా చురుకైన అణువులు ఆవిరై లేచిపోతాయి. పోతూపోతూ తమ వాటాకు మించిన వేడిని పట్టుకుపోతాయి. మిగిలినవి తమలో తాము గుద్దుకుని, ఉన్న వేడిని సమానంగా పంచుకుంటాయి. సగటు తగ్గుతుంది. గాలి తీసేసిన గాజు గొట్టంలో, అయస్కాంత బలంతో దేన్నీ తాకకుండా తేలే పరమాణువుల మబ్బుకూ ఇదే చేస్తారు. అంచులు కాస్త దించి చురుకైనవాటిని పోనిస్తారు. మళ్లీ దించుతారు. ఇంగ్లీషులో ఎవాపరేటివ్ కూలింగ్ అనే ఈ పద్ధతిని మనం కుండ పద్ధతి అందాం. ఇందులో 'మిగిలినవి తమలో తాము గుద్దుకుని' అనే ముక్కను గుర్తుపెట్టుకోండి. కథ అంతా దాని మీదే నడుస్తుంది.

సూపర్ కండక్టర్ల నుంచి వచ్చిన మనిషి

డెబొరా జిన్ 1968 నవంబరు 15న కాలిఫోర్నియాలో పుట్టారు. పెరిగింది ఫ్లారిడా తీరంలోని ఇండియన్ హార్బర్ బీచ్‌లో. తండ్రి భౌతిక శాస్త్రవేత్త, కాబట్టి ఇంట్లో ఆ వాతావరణం ఉంది. 1990లో ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ, 1995లో షికాగో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. థీసిస్ కోసం ఎంచుకున్నది సూపర్ కండక్టర్లు, అంటే బాగా చల్లబరిస్తే ఏ అడ్డూ లేకుండా విద్యుత్తును పారనిచ్చే పదార్థాలు. వాటిలోనూ పాత సిద్ధాంతానికి సులువుగా లొంగని రకాలు. లేజర్లతో, పరమాణువుల మబ్బులతో ఆమెకు ఏ పరిచయమూ లేదు.

ఆ 1995 జూన్‌లోనే కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాల దగ్గరున్న బౌల్డర్ పట్టణంలో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ ఒక అద్భుతం చేశారు. రుబీడియం పరమాణువులు సుమారు రెండు వేలను చల్లబరిచి, అవన్నీ ఒకే అలగా కలిసిపోయేలా చేశారు. ఢాకాలో పాఠాలు చెప్పే సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఐన్‌స్టయిన్‌కు పంపిన వ్యాసంలో దీని విత్తనం ఉంది. మొలకెత్తడానికి డెబ్బయ్యేళ్లు పట్టింది. జిన్ ఆ ఏడాదే కార్నెల్ బృందంలో చేరారు. ఆ బృందం ఉన్న సంస్థ పేరు జిలా. జిల్లా కాదు, జిలా. 'ప్రయోగశాల ఖగోళ భౌతిక శాస్త్రం' అనే అర్థంలో 1962లో పెట్టిన పేరుకు పొడి అక్షరాలవి. ఖగోళం పక్కకు పోయి అక్షరాలే మిగిలాయి. కొలరాడో విశ్వవిద్యాలయమూ, ప్రభుత్వ కొలతల సంస్థ నిస్టూ కలిసి దాన్ని నడుపుతాయి.

చదివిన విద్యను వదిలి తెలియని విద్యలో దిగడం పరిశోధకులకు మామూలు సాహసం కాదు. పీహెచ్‌డీ వరకు కూడబెట్టిన అనుభవం సగం చెత్తబుట్టలోకి పోతుంది. జిన్ విషయంలో మాత్రం అది పోలేదు, తొమ్మిదేళ్ల తర్వాత వడ్డీతో తిరిగొచ్చింది. 1997లో నిస్ట్ శాస్త్రవేత్తగా ఆమెకు సొంత ప్రయోగశాల వచ్చింది. అప్పటికి అందరూ బోస్ కణాల వెంట పడుతున్నారు. ఆమె రెండో రకాన్ని ఎంచుకున్నారు.

సీటుకొకరే

ప్రపంచంలో కణాలన్నీ రెండు జాతులు. బోసాన్లు కోలాటం జట్టు లాంటివి. ఎంతమందైనా ఒకే అడుగులో కలిసిపోగలరు, కలిసే కొద్దీ ఉత్సాహం. ఫెర్మియాన్లు సూపర్ లగ్జరీ బస్సు ప్రయాణికులు. సీటుకొకరే, నిలబడి వెళ్లే సౌకర్యం లేదు. ముందు సీట్లు నిండితే వెనక సీటులో కూర్చోవాల్సిందే. పౌలీ సూత్రం అని పుస్తకాల్లో ఉండేది ఇదే. దీన్ని సీటు నియమం అందాం.

ఒక పరమాణువు ఏ జాతిదో చెప్పడానికి జాతకం అక్కర్లేదు, సరి బేసి చాలు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు కలిపి లెక్కపెట్టండి. సరి సంఖ్య వస్తే బోసాన్, బేసి వస్తే ఫెర్మియాన్. రుబీడియం-87లో 124, సరి. పొటాషియం-40లో 59, బేసి. జిన్‌కు కావలసింది ఈ పొటాషియం-40.

అరటిపండులో పొటాషియం ఉంటుందని మనకు తెలుసు. కొబ్బరినీళ్లలోనూ ఉంటుంది. కానీ ప్రకృతిలో దొరికే పొటాషియంలో నలభయ్యో రకం దాదాపు పది వేలలో ఒకటి. దాంతో మబ్బు తయారుకాదు. జిన్, ఆమె మొదటి విద్యార్థి బ్రయన్ డిమార్కో, నలభయ్యో రకం పాలు సుమారు 5 శాతానికి పెంచిన పొటాషియం ఉప్పు తెప్పించి, దాని నుంచి లోహపు ఆవిరి పుట్టించే పరికరాన్ని తామే కట్టుకున్నారు. ప్రయోగ భౌతిక శాస్త్రం అంటే సగం ఇదే. అద్దాలు తిప్పుకోవడం, లీకులు వెతుక్కోవడం, దుకాణంలో దొరకని వస్తువును చేత్తో చేసుకోవడం. సిద్ధాంతం చేసేవాళ్లకు ఈ బాధ లేదు. ఆమె భర్త జాన్ బోన్ అదే సంస్థలో, ఇలాంటి కణాలు ఢీకొంటే ఏమవుతుందో కాగితం మీద లెక్కలు వేసే సిద్ధాంతి. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో ఊహించుకోవడం కష్టం కాదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒకే రకం ఫెర్మియాన్లు రెండు ఒకే చోటికి రాలేవు. చలి బాగా పెరిగాక అవి ఒకదాన్నొకటి గుద్దుకోవడమే మానేస్తాయి. క్యారమ్స్ బోర్డు మీద కాయలు ఒకదానిలోంచి ఒకటి దూరిపోతుంటే ఆట ఎలా సాగుతుంది? కుండ పద్ధతిలో చురుకైనవాటిని బయటకు పంపాక మిగిలినవి వేడి పంచుకోవాలి, పంచుకోవాలంటే గుద్దుకోవాలి. గుద్దుకోకపోతే చల్లబడవు. చల్లబరచాలనుకున్న గుణమే చల్లబరచడానికి అడ్డం.

జిన్, డిమార్కో కనిపెట్టిన దారి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పరమాణువు లోపల ఒక బొంగరపు తిరుగుడు ఉంటుంది, దానికి రకరకాల వాలులు ఉంటాయి. అన్నిటినీ ఒకే వాలులో ఉంచకుండా మబ్బును రెండు వాలుల వాళ్లుగా విడదీశారు. ఒకే జట్టులో ఇద్దరు తాకరాదు. ఎదుటి జట్టువాడిని తాకొచ్చు. రెండు జట్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, వేడి పంచుకుంటూ కలిసి చల్లబడ్డాయి. అయినా దిగే కొద్దీ పని మొండికేసింది. కింది సీట్లు నిండే కొద్దీ, గుద్దుకున్నాక వెళ్లి కూర్చోవడానికి ఖాళీ ఉండదు. ఖాళీ లేకపోతే ఆ ఢీ జరగనే జరగదు.

బోసాన్ల మబ్బు ఒకే అలగా కలిసిపోయే స్థితికి చేరితే నడిమధ్యలో శిఖరం లేస్తుంది, చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఫెర్మియాన్లు అలాంటి తమాషా ఏమీ చేయవు. మబ్బు ఉండాల్సిన దానికంటే కొంచెం లావుగా ఉంటుంది, అంతే. ఎంత చల్లబరిచినా వెనక సీట్లలో కూర్చున్నవాళ్లు వెనకే ఉంటారు కాబట్టి. ఆ కొంచెం లావును అనుమానానికి తావులేకుండా కొలవడమే విజయం. 1999 సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితం వచ్చింది. పరమాణువుల వాయువులో సీటు నియమం బాహాటంగా కనిపించడం అదే మొదటిసారి.

కొలత అంటున్నాను కదా, కొలిచే తీరూ చెప్పాలి. థర్మామీటరు ముంచితే మబ్బు ఆవిరైపోతుంది. అందుకని మబ్బును పట్టి ఉంచే అయస్కాంత ఉచ్చును ఒక్కసారిగా ఆపేస్తారు. మబ్బు కింద పడుతూ వ్యాపిస్తుంది. దాని మీదికి లేజరు తళుక్కుమనిపించి నీడను ఫోటో తీస్తారు. నీడ ఎంత వెడల్పైతే అంత వేడి. ఫోటో తీశాక మబ్బు ఉండదు, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. దోసెల పెనంలా ఒక్కో వాయికి ఒక్కటే. రోజంతా వాయి మీద వాయి వేస్తూ, మధ్యలో ఏదో ఒక అద్దం వెంట్రుకవాసి కదిలిందని తెలుసుకుని, మళ్లీ మొదటికొస్తారు.

చేతులు కలిపిన జంటలు

ఇప్పుడు షికాగో వడ్డీ సంగతి. సూపర్ కండక్టర్‌లో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు. అవి ఫెర్మియాన్లే, సీటు నియమం వాటికీ ఉంది. మరి కోలాటం ఎలా ఆడతాయి? జంటలు కట్టి. బేసి, బేసి కలిస్తే సరి. కాబట్టి జంట బోసాన్‌లా నడుచుకుంటుంది. ఆ జంటలో ఇద్దరూ పక్కపక్కనే ఉండరు. హాలుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో బోలెడుమంది. అయినా అడుగు మాత్రం కలుస్తుంది. పొటాషియం పరమాణువుల చేత ఆ పని చేయించవచ్చా అన్నది ప్రశ్న.

పరమాణువుల మధ్య ఇష్టాయిష్టాలను మార్చే మీట ఒకటుంది. అయస్కాంత బలాన్ని ఒక ప్రత్యేకమైన చోటికి తెస్తే, రేడియోలో స్టేషన్ తగిలినట్టు, పరమాణువుల మధ్య ఆకర్షణ ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంకా తిప్పితే అవి జతకట్టి అణువులే అవుతాయి. హెర్మన్ ఫెష్‌బాక్ అనే భౌతిక శాస్త్రవేత్త పేరుతో దీన్ని ఫెష్‌బాక్ రెజొనెన్స్ అంటారు. పొటాషియం-40కి ఆ స్టేషన్ 202 గాస్‌ల దగ్గర తగులుతుంది. విద్యార్థిని సిండీ రీగల్, పోస్ట్‌డాక్ మార్కస్ గ్రైనర్‌లతో కలిసి జిన్ 2003 చివర్లో మీటను ఒక వైపు తిప్పి అణువుల కోలాటాన్ని చూశారు. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ బృందం, అమెరికాలో ఎమ్‌ఐటీ బృందం కూడా అదే రోజుల్లో అక్కడికి చేరాయి. పోటీ వారాల లెక్కలో సాగింది.

కష్టమైనది మీటకు రెండో వైపు. అక్కడ అణువులు లేవు, దూరం నుంచి అడుగు కలిపే జంటలే. ఉచ్చు ఆపి ఫోటో తీద్దామంటే మబ్బు వ్యాపించేలోపు జంటలు చెదిరిపోతాయి. వాళ్లు వేసిన ఎత్తు ఇది. నాట్యం మధ్యలో ఎవరికీ ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా 'చేతులు పట్టుకోండి' అన్నట్టు మీటను గభాల్న అణువుల వైపు తిప్పేశారు. అడుగు కలిసినవాళ్ల చేతులే కలిశాయి. పట్టుకున్న చేతులను ఫోటో తీశారు. 50 నానోకెల్విన్ల చలిలో సుమారు అయిదు లక్షల పరమాణువులతో చేసిన ఈ పని 2004 జనవరిలో ప్రకటితమైంది. మధ్యలో, 2003లో, ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2005లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు, అప్పటికి వయసు 36. నోబెల్ ఖాయమని అన్నవాళ్లు చాలామంది. నాకైతే బహుమతుల జాబితా కంటే ఆ 'చేతులు పట్టుకోండి' ఎత్తే ఎక్కువ నచ్చుతుంది.

బావిలోకి కుండను దించినట్టు

ఇప్పటిదాకా వచ్చిన అణువులు పేరుకే అణువులు. రెండు పరమాణువులు వేలికొసలతో పట్టుకున్నట్టుంటాయి, గట్టిగా గాలి వేస్తే విడిపోతాయి. నిజమైన అణువు, గాలిలోని నత్రజని అణువులాంటిది, చాలా బిగువైన జంట. దాన్ని నేరుగా లేజరుతో చల్లబరుద్దామంటే కుదరదు. పరమాణువు వెలుగును మింగి కక్కినప్పుడు మళ్లీ పాత శక్తి మెట్టు మీదికే దిగుతుంది. అణువు అలా కాదు. అది గిరగిరా తిరుగుతుంది, స్ప్రింగులా ఊగుతుంది, దానికి వందల మెట్లు. ఎక్కడ దిగుతుందో చెప్పలేం. కొన్ని ప్రత్యేకమైన అణువులను తర్వాత లేజరుతో లొంగదీశారు గానీ అది వేరే కథ.

జిన్, పక్క ప్రయోగశాలలోని జున్ యే కలిసి వేరే దారి పట్టారు. వేడి అణువును చల్లబరచడం మాని, ముందే చల్లబరిచిన రెండు పరమాణువులతో అణువును కడదాం అనుకున్నారు. ఒకటి పొటాషియం, ఒకటి రుబీడియం. వేర్వేరు మూలకాలు కావడం వల్ల బిగువైన అణువులో ఒక కొస కాస్త ధనాత్మకంగా, రెండో కొస కాస్త ఋణాత్మకంగా ఉంటుంది. అలాంటి అణువులు దూరం నుంచే ఒకదాన్నొకటి పసిగడతాయి. లెక్క చూడండి: 59, 124 కలిస్తే 183. బేసి. అణువు మొత్తం ఒక ఫెర్మియాన్.

ఫెష్‌బాక్ మీటతో వదులు జంట తయారైంది. ఇక బిగించాలి. వదులు జంట నుంచి బిగువు జంటకు దిగేటప్పుడు బయటపడే శక్తి వేడి లెక్కలో సుమారు 6,000 కెల్విన్లు. సూర్యుడి ఉపరితలం కంటే ఎక్కువ! దాన్ని 300 నానోకెల్విన్ల మబ్బులో వదిలితే ఇక మిగిలేదేముంది? కుండను బావిలో పడేస్తే పగులుతుంది. చేదతాడు కట్టి, గిలక మీదుగా దించితే నీళ్లు కూడా కదలవు. ఆ తాడు పని రెండు లేజర్లు చేశాయి. ఒకటి అణువును పైమెట్టుకు ఎత్తుతుంది, రెండోది అట్టడుగుకు దించుతుంది. మిగులు శక్తిని వెలుగే మోసుకుపోతుంది, అణువుకు వేడి అంటదు. విచిత్రం ఏమిటంటే రెండో లేజరునే ముందు వెలిగించాలి. కింద పట్టుకునేవాడు సిద్ధంగా ఉన్నాకే పైవాడు వదలాలి కదా. విద్యార్థిని కాంగ్ కుయెన్ నీ ముందుండి నడిపిన ఈ ప్రయోగం 2008లో ఫలించింది. తిరగడంలో, ఊగడంలో అట్టడుగు మెట్టు మీద కూర్చున్న అణువుల దట్టమైన మబ్బు తయారైంది.

చలిలో చర్య

అణువులైతే తయారయ్యాయి, కానీ మబ్బు మెల్లగా తరిగిపోతోంది. గాజు గొట్టంలో వేరే ఏమీ లేదు. ఇక్కడే మన పెరుగు ప్రశ్న తిరిగొచ్చింది. రెండు పొటాషియం–రుబీడియం అణువులు కలిస్తే జంటలు మార్చుకోవచ్చు. పొటాషియం–పొటాషియం ఒకటి, రుబీడియం–రుబీడియం ఒకటి. ఆ మార్పిడిలో కాస్త వేడి కూడా మిగులుతుంది. మామూలు చర్యలకు మొదట్లో ఒక గట్టు ఎక్కాలి, దానికి వేడి కావాలి. అగ్గిపుల్లను గీయాల్సి రావడం అందుకే. ఫ్రిజ్‌లో పెరుగు నిలవుండటమూ అందుకే. ఈ చర్యకు అలాంటి గట్టు లేదు. దగ్గరకొస్తే చాలు.

కానీ దగ్గరకు ఎలా వస్తాయి? మబ్బులోని అణువులన్నీ ఒకే రకం ఫెర్మియాన్లు. సీటు నియమం ప్రకారం నేరుగా ఎదురుపడకూడదు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ రావచ్చు. అలా తిరిగేటప్పుడు రంగులరాట్నంలో బయటకు నెట్టినట్టుండే బలమే గట్టుగా నిలబడుతుంది. వాటి శక్తికి ఆ గట్టు పదుల రెట్లు ఎత్తు. మామూలు లెక్కలో దాటడం అసాధ్యం. అయితే ఈ చలిలో అణువు గోళీకాయలా ఉండదు, తన సైజుకు వందల రెట్లు పరుచుకున్న అలలా ఉంటుంది. అల గట్టు లోపలికి కాస్త ఊరుతుంది, కుండ గోడలో నీరు ఊరినట్టు. ఆ ఊటలోనే చర్య జరుగుతోంది. మబ్బు సెకను పాటు నిలిచి మెల్లగా తరగడానికి కారణం అదే.

ఇది నిజమేనా అని తేల్చడానికి బృందంలోని సిల్కె ఓస్పెల్‌కౌస్, కాంగ్ కుయెన్ నీ, మిగతావాళ్లు ఒక చిన్న మార్పు చేశారు. మబ్బులో సగం అణువుల్లో కేంద్రకపు బొంగరం వాలును మార్చారు. రసాయన శాస్త్రవేత్తలు మామూలుగా పట్టించుకోని తేడా అది. బంధం మారదు, రూపం మారదు, కనిపెట్టగలిగేంత బరువూ మారదు. కానీ ఇప్పుడు రెండు జట్లు ఉన్నాయి, ఎదుటి జట్టును తాకొచ్చు. గట్టు మాయమైంది. చర్య వేగం పది నుంచి వంద రెట్లు పెరిగింది. కుండ మీద గీసిన చుక్కను బట్టి పెరుగు పులిసే వేగం మారిందంటే నమ్ముతారా? 2010 'సైన్స్' పత్రికలో ఆ ఫలితం ఉంది.

1997లో ఆమె పరమాణువులు గుద్దుకోమని మొరాయించి చల్లబరచడాన్ని అడ్డుకున్నాయి. రెండు జట్లు చేసి ఆ మొండితనాన్ని వదిలించారు. పదమూడేళ్ల తర్వాత అణువులను చర్య నుంచి కాపాడింది ఆ మొండితనమే, రెండు జట్లు చేయగానే కాపలా పోయింది. అదే తాళం, అదే చెవి. మొదటిసారి తెరవాల్సి వచ్చింది, రెండోసారి మూసి ఉంచాల్సి వచ్చింది.

ఆపైన ఇంకో తలుపు. విద్యుత్ క్షేత్రం పెడితే అణువుల కొసలన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, తలకు తోక అంటుకునేలా లాక్కుంటాయి, చర్య విపరీతంగా వేగం పుంజుకుంటుంది. అప్పుడు మబ్బును లేజరుతో పలచని దోసెల దొంతరలా పరిచారు. ఒక దోసెలో ఉన్న అణువులు నిటారుగా పక్కపక్కనే నిలబడాలి. అలా నిలబడ్డవి నెట్టుకుంటాయి గానీ లాక్కోవు. చర్య నెమ్మదించింది. ఆ తర్వాత వెలుగుతో గుడ్ల అట్టలాంటి గళ్లు కట్టి, గడికొక అణువును ఉంచితే పాతిక సెకన్ల దాకా నిలిచాయి. ఈ రంగంలో పాతిక సెకన్లంటే తీరిగ్గా పని చేసుకోవచ్చు.

డెబొరా జిన్ 2016 సెప్టెంబరు 15న క్యాన్సరుతో పోయారు. వయసు 47. పరమాణు భౌతిక శాస్త్రంలో మంచి పీహెచ్‌డీ థీసిస్‌కు అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే బహుమతి ఇప్పుడు ఆమె పేరు మీద ఉంది. 2019లో జున్ యే బృందం అదే పొటాషియం–రుబీడియం అణువుల మబ్బును సీట్లు నిండే స్థితి దాకా చల్లబరిచింది. 1999లో ఆమె పరమాణువులతో చేసింది ఇరవై ఏళ్లకు అణువులతో జరిగింది. 2024లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ విల్ బృందం సోడియం–సీజియం అణువుల చేత కోలాటం ఆడించింది.

కాంగ్ కుయెన్ నీ ఇప్పుడు హార్వర్డ్‌లో ఉన్నారు. బౌల్డర్‌లో చూసినప్పుడు అణువులు మాయమవడమే తెలిసింది, ఏమయ్యాయో కనిపించలేదు. హార్వర్డ్‌లో ఆమె బృందం మాయమైనవాటిని వెతికి పట్టుకుంది. 2019లో పొటాషియం జంటలు, రుబీడియం జంటలు విడివిడిగా కనిపించాయి. వాటితోపాటు, జంటలు మారే మధ్య క్షణంలో నాలుగు పరమాణువులూ ముద్దగా కలిసి ఉన్న రూపం కూడా దొరికింది. మామూలు చర్యల్లో అలాంటి ముద్ద కనురెప్పపాటు కూడా కాదు, సెకనులో లక్ష కోట్ల వంతు లెక్కల్లో విడిపోతుంది. ఈ చలిలో అది వందల నానోసెకన్లు, అంటే లక్షల రెట్లు ఎక్కువసేపు ఉంటోంది. అంతసేపు ఉంటే ఉచ్చు కోసం వెలిగించిన లేజరే దాన్ని తాకి చెడగొట్టవచ్చు. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. హాంగ్‌కాంగ్‌లో సోడియం–రుబీడియం అణువులతో మబ్బు చేసి చూశారు. శక్తి లెక్క ప్రకారం అట్టడుగు మెట్టు మీద వాటికి జంటలు మార్చుకునే వీలే లేదు. అయినా మబ్బు తరుగుతూనే ఉంది.